సీతమ్మ చెప్పిన కత్తి కథ



మూడు నెలలుగా ఈ బ్లాగులో ఒక్క టపా కూడా వ్రాయలేదు. ఛందస్సు మీద మొదలుపెట్టిన పాఠాలు మత్తేభం దగ్గరకు వచ్చి ఆగిపోయాయి. కుశలమడిగిన మిత్రులకు కంటికి శుక్లాల శస్త్రచికిత్స అయిందని జవాబిచ్చాను. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. మనస్సులో ఒక మాట అడ్డుపడి ఉంది. అది బయటికి వస్తే గాని గణాలూ యతులూ కదిలేటట్టు లేవు. కనుక ఈసారికి పద్యం లేదు, కోపమే ఉంది. ఓపిక గలవారు చదవండి.

గడచిన ఆగస్టు 15న మా ఊరికి దగ్గరలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలవారు జెండా పండుగకు నన్ను పిలిచారు. ప్రధానోపాధ్యాయుడు వయస్సులో నాకంటె చాలా చిన్నవాడు, సౌమ్యుడు. ఏ విషయం మీద మాట్లాడతారని ముందుగానే అడిగాడు. "తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కత్తుల గురించి నాలుగు మాటలు చెప్తానయ్యా" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "పండగ పూట కత్తుల మాటెందుకు సార్? దేశభక్తి మీద మంచి పద్యాలు చదవండి. ఇట్లాంటివి చెప్తే పిల్లలు లేనిపోనివి నేర్చుకుంటారు" అన్నాడు.

నేను పద్యాలే చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు, మిఠాయి పొట్లం ఇచ్చారు. ఇంటికి వస్తూ దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకొన్నాను.

పండుగ పూట అన్న మాట దగ్గరే నాకు ముల్లు దిగింది. 2021 ఆగస్టు 15 కూడా జెండా పండుగే. ఆ ఉదయం గుంటూరు నడివీధిలో, పట్టపగలు, ఇంజనీరింగు చదువుతున్న ఒక అమ్మాయిని ఒక యువకుడు కత్తితో పొడిచి చంపాడు. చుట్టూ మనుషులున్నారు. అక్కడి కెమెరాలో పడిన దృశ్యాన్ని సాయంత్రానికల్లా రాష్ట్రమంతా చూసింది. 2022 ఏప్రిల్‌లో గుంటూరు ప్రత్యేక న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది. అందరూ న్యాయం జరిగిందన్నారు. ఆ కత్తి చేతికి వచ్చే దాకా ఆ యువకుడు ఎన్ని తరగతి గదులు దాటి వచ్చాడో, ఎంతమంది మాస్టర్లం అతనికి పాఠాలు చెప్పామో ఎవరూ లెక్కించలేదు. కత్తి పండుగ చూసుకొని రాదు. మాటకు మాత్రం మనం ముహూర్తం చూస్తున్నాము.

ఇక నా కథ చెప్పాలి. చెప్పకుండా ఇతరులను తిట్టే అధికారం నాకు లేదు.

నేను రాయలసీమవాడను. ముప్ఫై మూడేళ్లు ఆ పల్లెల్లోనే తెలుగు చెప్పాను. 1997లో ఒక బడిలో పనిచేస్తున్నాను. ఊరి పేరూ బడి పేరూ అక్కరలేదు. పదవ తరగతికి సంధులు చెప్తూండగా మూడవ వరుసలో ఏదో కింద పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే మడతచాకు. పిడి ఎర్రగా, చేప ఆకారంలో ఉంది. తిరునాళ్లలో అమ్మే రకం. తెరిస్తే పదును నా చూపుడువేలంత ఉంది. ఆ పిల్లవాడు చదువులో మధ్యరకం. గొంతు మాత్రం మంచిది. పద్యం ఎత్తుకొంటే పక్క తరగతి మాస్టరు కూడా చెప్పే పాఠం ఆపి వినేవాడు.

వాణ్ణి బల్ల ఎక్కించి బెత్తం విరిగేదాకా కొట్టాను. వాళ్ల నాయనను పిలిపించాను. ఆయన వచ్చి మిగిలినవి కొట్టాడు. చాకును నా సొరుగులో వేసి తాళం పెట్టాను. తరువాత అహింస మీద అరగంట మాట్లాడాను. బుద్ధుడు వచ్చాడు, గాంధీ వచ్చాడు, తిక్కన వచ్చాడు. చాలా బాగా చెప్పారని తోటి ఉపాధ్యాయులు మెచ్చుకొన్నారు కూడా.

ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. ఎందుకు తెచ్చుకొన్నావురా అని.

తరువాత తెలిసింది. వాళ్ల ఊళ్లో బస్సు దిగేచోట ఇద్దరు పెద్ద పిల్లలు రోజూ వాడి జేబులు తడిమి, ఉన్నది లాక్కొని, చెంప మీద ఒకటి వేసి పంపేవారట. ఆ ఇద్దరి మీద వాడు ఏనాడూ చాకు తెరవలేదు. జేబులో ఉంటే ధైర్యంగా ఉండేదట, అంతే. నేను లాక్కొన్నాక ఇంకొకటి కొనుక్కొన్నాడు. తిరునాళ్లకు తక్కువా? చాకులకు తక్కువా?

1999లో ఆ ఊరి తిరునాళ్లలోనే రంగులరాట్నం దగ్గర ఇరవై రూపాయల బాకీ మీద వాడికీ వాడి స్నేహితుడికీ మాట పెరిగింది. ఆ స్నేహితుడూ నా విద్యార్థే. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చొనేవారు. నలుగురూ చూస్తున్నారు, ఎవరో నవ్వారు. చాకు బయటికి వచ్చింది. ఒకే ఒక్క పోటు, అదీ తొడ మీద. మరుక్షణమే చాకు పారేసి, స్నేహితుణ్ణి భుజాన వేసుకొని జీపు దాకా పరుగెత్తింది వాడే. ఆసుపత్రి పద్దెనిమిది కిలోమీటర్లు. 108 వాహనాలు లేని కాలం. అవి మన రాష్ట్రంలో మొదలైంది 2005లో. జీపు సగం దారిలో ఉండగానే ఆ పిల్లవాడి ప్రాణం పోయింది.

సబ్ జైలుకు వెళ్లి చూశాను. కమ్మీల అవతలి నుంచి వాడు నన్ను ఒకటే అడిగాడు.

"తొడ మీదే గదా సార్ పొడిచినా. తొడకు పొడిస్తే సచ్చిపోతారని నాకెవురు చెప్పినారు సార్?"

పాతికేళ్లు దాటింది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అవును, ఎవరు చెప్పారు? నేను సవర్ణదీర్ఘసంధి చెప్పాను. పక్క గదిలో జీవశాస్త్రం మాస్టరు గుండె బొమ్మ వేయించి, ధమనులకు ఎరుపు, సిరలకు నీలం రంగు వేయించాడు. భాగాలు గుర్తించినవారికి మార్కులు వేశాడు. వాడికీ మార్కులు వచ్చే ఉంటాయి. ఆ ఎర్రగీత ఒకటి తన తొడలోనుంచే పోతున్నదనీ, అది తెగితే నిమిషాల్లో మనిషి పోతాడనీ వాడికి ఎవరమూ చెప్పలేదు.

కాబట్టి ఇప్పుడు చెప్తాను. పండుగ పూట కాదు గదా.

నలభై అయిదు కిలోల బరువున్న పిల్లవాడి ఒంట్లో నెత్తురు సుమారు మూడు లీటర్లు, అంతకు ఇంకొంచెం ఎక్కువ. అంగడిలో అమ్మే లీటరు నీళ్ల సీసాలు మూడు ఊహించుకోండి. అందులో అయిదింట రెండు వంతులు పోతే ప్రాణం నిలవడం కష్టం. గజ్జ దగ్గర, తొడ మొదట్లో వేలు పెట్టి నొక్కితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. చేతికి తెలుస్తున్నదంటే ఎంతో లోతులో లేదన్నమాటే గదా. అది తొడకు నెత్తురు తీసుకొనిపోయే పెద్ద ధమని. మోకాలి వెనుక ఉన్నదీ దాని కొనసాగింపే. చంకలో ఒకటి, మెడకు రెండు పక్కలా రెండు. పొట్టలో అయితే బయటికి చుక్క నెత్తురు కనబడకుండానే లోపల నిండిపోతుంది. పిరుదు మీద పొడిస్తే పరువే పోతుంది గాని ప్రాణం పోదని మన కుర్రవాళ్ల నమ్మకం. అక్కడా పెద్ద నెత్తురు నాళాలున్నాయి, కాలిని నడిపించే పెద్ద నరమూ ఉంది. భయపెట్టడానికని పొడవదగిన చోటు మనిషి శరీరంలో ఎక్కడా లేదు. బ్రహ్మదేవుడు అటువంటి చోటు పెట్టలేదు.

దీనితోపాటే చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. గాయం మీద బట్ట పెట్టి బలమంతా పెట్టి నొక్కిపట్టాలి, తీసి తీసి చూడకూడదు. కత్తి ఒంట్లోనే దిగబడి ఉంటే లాగకూడదు. లాగితే అడ్డుకట్ట తెగినట్టే. 108కి ఫోను చేయాలి. ఆ రోజు జీపులో కూర్చున్న నలుగురిలో ఒక్కడికి ఈ ముక్క తెలిసినా ఏమయ్యేదో అని నేను ఆలోచించని తిరునాళ్ల లేదు.

ఇది చెప్తే పిల్లలు లేనిపోనివి నేర్చుకొంటారట! నేర్చుకోవడానికి ఇంకా ఏం మిగిలిందని? విజయవాడలోనూ రాజమండ్రిలోనూ బ్లేడ్ బ్యాచ్ అన్న మాట తెలియని పిల్లవాడున్నాడా? పుట్టినరోజు కేకును తల్వారుతో కోసి, ఆ వీడియోను లోకానికి చూపించి, పోలీసు కేసు పెట్టించుకొన్న కుర్రవాళ్ల వార్తలు ఏటా చదువుతున్నాము. కేకు కోయడానికి తల్వారెందుకు? పోనీ వాళ్లు కుర్రవాళ్లు. సన్మాన సభల్లో పెద్దమనుషులకు వెండి కత్తి ఇస్తారు. ఆయన దానిని ఒరలోనుంచి దూసి జనం మీద తిప్పుతాడు. జనం కేకలు వేస్తారు. పొద్దున పత్రికలో అదే ఫొటో. పిల్లవాడు నేర్చుకొంటున్నది ఎవరి దగ్గరో నాకయితే స్పష్టంగా కనబడుతున్నది. బడి ఒక్కటే నోరు మూసుకొని కూర్చున్నది.

సినిమా సంగతి ఎత్తకుండా ఎట్లా పోతాను? నా విద్యార్థి తొడ మీద పొడిచిన ఆ ఏడే, 1999లో, 'సమరసింహారెడ్డి' వచ్చింది. తరువాత 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. మా సీమ అంటే వేటకొడవళ్లూ, తెల్ల పంచెలూ, గాలిలో లేచే జీపులూ తప్ప మరేమీ లేదన్నట్టు చూపించారు. మా సీమలో తాళ్లపాక ఉన్నది, ఒంటిమిట్ట ఉన్నది. కొడవలి వేరుశనగ పొలంలోనూ ఉన్నది. కోస్తా మిత్రులు నన్ను పరిచయం చేసుకొని, "మీది సీమా! బాంబులు బాగా వేస్తారా?" అని నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను. ఏమనాలో తెలియక.

ఆ సినిమాల వల్లనే నా పిల్లవాడు పొడిచాడని నేను అనను. అట్లా అనడం సులభం, తప్పు కూడా. ఇరవై రూపాయల మీద మనుషులు సినిమా పుట్టకముందూ పొడుచుకొన్నారు. నా ఆక్షేపణ వేరు. ఆ తెర మీద తొడ కొట్టడమే చూశాము, తొడ తెగడం చూడలేదు. నాయకుడు పాతికమందిని నరికితే పాతికమందీ గాలిలో లేచి పడతారు. ఒక్కడయినా జీపులో పడుకొని చలిగా ఉంది, దప్పికవుతున్నది అనడు. ఒక్కడి తల్లి అయినా ఆసుపత్రి వరండాలో కూర్చోదు. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' కక్షలు మానమని చెప్పింది. అయిదు రూపాయల పేకాట తగాదా తరాల పగ అయినట్టు చూపింది. మంచిదే, సంతోషించాను. అయితే మా ఊరి హాలులో ఈలలు పడింది మానమన్న మాటకు కాదు, మొదట్లో జరిగిన నరుకుడుకు. ఎందుకంటే నెత్తురు అక్కడ కూడా అందంగానే ఉంది.

మరొక వాదం మా పండితవర్గం నుంచే వస్తుంది. మన దేవతలందరూ ఆయుధపాణులే గదా, దసరాకు ఆయుధపూజ చేసే జాతి కత్తిని చూసి భయపడటమేమిటి అని. ఈ మాట అన్నవారు విరాటపర్వం మళ్లీ ఒకసారి తెరవవలసింది. దసరా నాడు మనం జమ్మిచెట్టు చుట్టూ తిరిగి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెడుతున్నాము. ఆ చెట్టుకు ఆ గౌరవం ఎందుకు వచ్చింది? పాండవులు ఆయుధాలు దానిమీద దాచిపెట్టి, వట్టి చేతులతో ఊళ్లోకి వెళ్లారు గనుక. అజ్ఞాతవాసం ఒక కారణం. ఆయుధాలతో ఊళ్లోకి పోతే జనం బెదురుతారన్నది ధర్మరాజు చెప్పిన కారణం. గాండీవమంతటి దాన్ని చెట్టెక్కించి ఊళ్లోకి పోయినవాడు అర్జునుడు. మన కుర్రవాడు తిరునాళ్లకు జేబులో చాకు వేసుకొని పోతాడు.

అసలు చెప్పదలచుకొన్నది ఇప్పుడు చెప్తాను. వాల్మీకి రామాయణం అరణ్యకాండలో తొమ్మిదవ సర్గ. దండకలో మునులకు రాక్షసుల బాధ పోగొడతానని రాముడు మాట ఇచ్చి ధనుర్బాణాలతో బయలుదేరాడు. దారిలో సీత ఒక కథ చెప్తుంది. పూర్వం ఒక మునీశ్వరుడు తపస్సు చేసుకొంటున్నాడు. ఆ తపస్సు చెడగొట్టడానికి ఇంద్రుడు భటుని వేషంలో వచ్చాడు. అప్సరసలను పంపలేదు, పిడుగు వేయలేదు. ఒక కత్తి ఇచ్చి, ఇది దాచి ఉంచండి స్వామీ, మళ్లీ వచ్చి తీసుకొంటాను అని వెళ్లిపోయాడు. మునికి పరుల సొత్తు పోతుందేమోనన్న భయం. ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకొనిపోయాడు. కందమూలాలకు పోతే కత్తి, పండ్లకు పోతే కత్తి. ఎవరిమీదా పగ లేదు, ఎవరినీ కొట్టాలని లేదు. వట్టిగా దగ్గర ఉంచుకొన్నాడు, అంతే. నెమ్మది నెమ్మదిగా ఆయన మనస్సు తపస్సు నుంచి జారి క్రౌర్యం వైపు తిరిగింది. చివరికి నరకానికి పోయాడు.

ఈ కథను నేను సభల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సీతమ్మ వాక్చాతుర్యానికి ఉదాహరణగా చెప్పి మెప్పు పొందాను. నా తరగతిలో చేప పిడి చాకు కింద పడిన నాడు మాత్రం ఇది నోటికి రాలేదు. వచ్చి ఉంటే ఆ పిల్లవాడు తనను తాను గుర్తుపట్టి ఉండేవాడు. ఎవరిమీదా పగ లేకుండా, దాచుకోవడం కోసం దాచుకొన్న కత్తి గదా వాడిదీ!

రాముడు ఆమె మాట విని ఆయుధం పారేయలేదు. ఆర్తులను కాపాడటానికే క్షత్రియుడు విల్లు పట్టేదన్నాడు, ఇచ్చిన మాట తప్పనన్నాడు. అదీ నిజమే, దాచను. కాపాడవలసిన బాధ్యత ఉన్నవాడికి ఆయుధం ఉండవచ్చు, ఇప్పుడయితే పోలీసుకు ఉన్నది. పదిహేనేళ్లవాడికి అటువంటి బాధ్యత ఎవరూ అప్పగించలేదు. వాడిని కాపాడవలసిన బాధ్యత మన మీద ఉండగా, అది మనం నెరవేర్చలేదు గనుక వాడు చాకు కొనుక్కొన్నాడు. చాకు జేబులో ఉన్నవాడికి పారిపోయే దారి మూసుకొనిపోతుంది. లేనివాడు మాట పెరిగితే పరుగెత్తుతాడు, పరుగెత్తి బ్రతుకుతాడు. ఉన్నవాడు నిలబడతాడు. నలుగురు చూస్తూ నవ్వితే చెయ్యి జేబులోకి పోతుంది. బలవంతుడెవడయినా ఆ చాకునే లాక్కొంటే పోయేది వీడి ప్రాణమే. వీడి దగ్గర ఉన్నదని తెలిసి పక్కవాడూ ఒకటి కొంటాడు.

సీత ఆ ఉపన్యాసం ముగిస్తూ, నేను నీకు నేర్పడం లేదు, ప్రేమతో గుర్తు చేస్తున్నాను అన్న భావం చెప్తుంది. నేర్పడానికి అక్కడ వాడిన ధాతువు 'శిక్ష'. సంస్కృతంలో దానికి నేర్పడమని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి మనం దానిని దండన చేసుకొన్నాము. మన బడుల చరిత్ర అంతా ఈ ఒక్క అర్థవిపరిణామంలో ఉన్నదని నాకొక్కొక్కసారి అనిపిస్తుంది. ఆ పిల్లవాడికి నేనిచ్చింది తెలుగు శిక్ష.

ఇప్పటికీ అదే ఇస్తున్నాము. సంచులు వెదకడం, దొరికితే తగిలించడం, ఏడాదికొకసారి పోలీసు అధికారి వచ్చి సెక్షన్లు చదివిపోవడం. చట్టం తెలియవలసిందే, కాదనను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయసంహితలో హత్య 103వ సెక్షను, ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం 118. ఆయుధ నిబంధనలు 9 అంగుళాల కంటె పొడవో 2 అంగుళాల కంటె వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాలంటాయి, ఇంటిపనికీ సేద్యానికీ చేసినవి మినహాయించి. ఈ 9 అంగుళాల ముచ్చట విన్న కుర్రవాడు తన నాలుగంగుళాల చాకు ఆటవస్తువని అనుకొంటాడు. శరీరానికి చట్టం కొలతలు తెలియవు. నా విద్యార్థికి అప్పుడు పదిహేడేళ్లు. 1986 నాటి చట్టంలో పదహారు నిండిన మగపిల్లవాడు బాలుడు కాడు. పెద్దవాళ్లతోబాటు విచారించి ఏడేళ్లు వేశారు. ఇప్పుడు పద్దెనిమిది దాకా బాలుడే గాని, 2015 చట్టం వచ్చాక హత్య వంటి ఘోరనేరంలో పదహారు నిండినవాణ్ణి బాలల న్యాయమండలి పరిశీలించి పెద్దవాడిగా విచారణకు పంపవచ్చు. ఈ ముక్క ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

గుంటూరు ఘోరాన్నీ నా పిల్లవాడి కథనూ ఒకే గాటన కట్టడం లేదు. భయంతో చాకు దాచుకొన్నవాడు వేరు, కాదన్న అమ్మాయిని చంపడానికే కత్తి తెచ్చుకొన్నవాడు వేరు. ధమని ఎక్కడ ఉన్నదో చెప్తే ఆ రెండవవాడు ఆగడు. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే నరికినవాడూ ఆగేవాడు కాడు. వాళ్లకు చెప్పవలసిన పాఠం ఇంకా ముందుది: ఆడపిల్ల వద్దు అంటే వద్దు అనే అర్థమన్నది. అదీ మనం చెప్పలేదు. సినిమా పాట దానికి వ్యతిరేకమే చెప్పింది. దానిమీద వేరే టపా వ్రాస్తాను. ఇక్కడ కలిపితే రెండూ పలచబడతాయి.

చెప్తే ఫలితముంటుందా అని అడిగేవారికి ఒక ఊరి పేరు చెప్తాను. స్కాట్లాండులో గ్లాస్గో. కత్తిపోట్లకు ఐరోపాలోనే పేరుమోసిన ఊరు. 2005లో అక్కడి పోలీసులే ఇది అంటువ్యాధి వంటిది, వ్యాధిలాగే నివారించాలి అని ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. 2008లో అక్కడి శస్త్రవైద్యులు కొందరు కలిసి, కోసి కుట్టి కుట్టి విసిగి, బడులకు వెళ్లి పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకటే మందు అని కాదు. ఉపాధి చూపించారు, పోలీసులూ గట్టిగా ఉన్నారు. తరువాతి సంవత్సరాల్లో అక్కడ హత్యలు బాగా తగ్గాయి. వైద్యుడు వచ్చి చెప్తే అక్కడి పిల్లలు కత్తులు నేర్చుకోలేదు మరి! మన జిల్లా ఆసుపత్రిలో అటువంటి గాయాలు కుట్టిన వైద్యుడు లేడా? ఒక్క గంట బడికి పిలవడానికి ఏం ఖర్చవుతుంది?

శాలువా కప్పించుకొని వచ్చిన మూడు నెలల తరువాత, అంటే పోయిన వారం, మళ్లీ ఆ బడికే వెళ్లాను. ప్రధానోపాధ్యాయుని దగ్గర కూర్చొని మా పిల్లవాడి కథంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, జీవశాస్త్రం టీచరమ్మను పిలిచి, "అమ్మా, తొమ్మిదో తరగతిలో మీ పీరియడు సార్‌కు ఇవ్వండి" అన్నాడు. ఆమె ఇవ్వడమే గాక బోర్డు మీద బొమ్మ కూడా వేసిపెట్టింది. నేను ముందు సీతమ్మ కథ చెప్పాను. తరువాత పిల్లలందరినీ ఎవరి మెడ మీద వారిని వేలు పెట్టుకొని నాడి చూసుకోమన్నాను. అల్లరి చేసే తరగతి, చీమ చిటుక్కుమంటే వినబడేటంత నిశ్శబ్దమైపోయింది.

గంట కొట్టాక అందరూ వెళ్లారు. ఒక పిల్లవాడు మాత్రం సంచి సర్దుకొంటున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. సన్నని పిల్లవాడు, మీసం ఇంకా రాలేదు. దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, జామెట్రీ బాక్సులో డివైడరు ఉంటాది గదా. అది కూడా అంతేనా సార్?"

"అంతేరా" అన్నాను. వాడు తల వంచుకొన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను.

"నీకు ఎవరంటే భయం నాయనా?"

వాడు తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. బయట బస్సు హారను వినబడింది. "రేపు చెప్తా సార్" అని పరుగెత్తాడు. మరునాడు మళ్లీ వెళ్లాను. చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ వ్రాయను. ప్రధానోపాధ్యాయుడూ నేనూ రెండు రోజులుగా ఆ బస్సు ఆగేచోటనే సాయంత్రం అయిదింటికి వెళ్లి నిలబడుతున్నాము. వాళ్ల నాయన నిన్నటి నుంచి మాతో వస్తున్నాడు.